ఇద్దరి లెక్క

విజయనగరంలో రైలెక్కితే బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ దాటి రాయ్‌పూర్ చేరతాం. ఈ దారి 1931లో పూర్తయింది. ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో ఈ పట్టాల వెంటే ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. కొందరు రైల్వే కొలువులకు, కొందరు వ్యాగన్ రిపేర్ షాపుకు, ఇంకొందరు 1959లో ఉత్పత్తి మొదలైన భిలాయి ఉక్కు కర్మాగారానికి వచ్చారు. మూడు తరాలు గడిచినా కొన్ని ఇళ్లకు కోడళ్లు ఇప్పటికీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచే వస్తుంటారు. ఆ దారి పొడవునా ఇంకో సంగతి కూడా ఉంది. అది రక్తంలో ఉంది. మన ఏజెన్సీ గూడేలు, పశ్చిమ ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మైదానం, అన్నీ ఎర్ర రక్తకణాలను కొడవలి ఆకారంలోకి మార్చే సికిల్ సెల్ జన్యువు ఎక్కువగా కనిపించే నేలలే.

రాయ్‌పూర్ వాళ్లు దాన్ని వాడుకలో ‘సిక్లింగ్’ అంటారు. ‘వాళ్లింట్లో సిక్లింగ్ ఉంది’ అన్న మాట పెళ్లి సంబంధాల దగ్గర గుసగుసగా వినిపిస్తుంది. ఆసుపత్రి వరండాలో మాత్రం మామూలు గొంతుతోనే వినిపిస్తుంది. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామందికి దానితో చుట్టరికం ఉంటుంది కాబట్టి.

కడుపులో ఉన్న బిడ్డకు జన్యు పరీక్షలు అనగానే పెద్ద నగరాల్లో డౌన్ సిండ్రోమ్ గుర్తొస్తుంది. రాయ్‌పూర్‌లో ముందు గుర్తుకు రావాల్సింది సిక్లింగ్. డాక్టర్ పి.కె. పాత్రా బృందం రాయ్‌పూర్ జిల్లాలో 3,59,823 మందిని పరీక్షించి, ఫలితాలను 2011లో ప్రచురించింది. జమైకాలో ఈ జబ్బు మీద జీవితకాలం పనిచేసిన గ్రాహం సెర్జియాంట్ కూడా ఆ రచయితల్లో ఒకరు. పరీక్ష చేసినవారిలో నూటికి 9 మందికి పైగా ఒక సికిల్ జన్యువుతో, అంటే ‘ఏఎస్’గా తేలారు. వెయ్యికి ఇద్దరు రెండు జన్యువులతో, అంటే ‘ఎస్ఎస్’గా, జబ్బుతోనే ఉన్నారు. ఇది అడవి మనుషుల జబ్బు అనే నమ్మకాన్ని కూడా ఆ అంకెలు నిలవనివ్వలేదు. మైదానంలో వ్యవసాయం చేసుకునే వెనకబడిన కులాల్లో జన్యువు బాగా కనిపించింది.

ఏఎస్ అయిన మనిషికి జబ్బు లేదు. పొలం దున్నుతాడు, రైలు నడుపుతాడు, పిల్లల్ని కంటాడు. రక్తపరీక్ష చేస్తే తప్ప తనలో ఆ జన్యువు ఉందని ఎనభయ్యో ఏట కూడా తెలియకపోవచ్చు. భార్యాభర్తలు ఇద్దరూ ఏఎస్ అయినప్పుడే చిక్కు. వాళ్ల బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, తల్లిదండ్రుల్లాగే ఏఎస్ అయ్యే అవకాశం సగం, ఆ జన్యువు అసలు అందకుండా పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. నూటికి తొమ్మిది మంది చొప్పున లెక్కేస్తే, కులగోత్రాలతో నిమిత్తం లేకుండా జతకట్టినా దాదాపు 123 జంటల్లో ఒకటి ఇలాంటి జంట అవుతుంది. మనవాళ్లు కులం లోపలే పెళ్లి చేసుకుంటారు కాబట్టి, జన్యువు ఎక్కువగా ఉన్న కులంలో ఆ జంటలు ఇంకా పెరుగుతాయి.

ఈ నాలుగింట ఒకటిని అర్థమయ్యేలా చెప్పడం చాలా కష్టం. ‘మొదటి బిడ్డకు వచ్చింది, ఇక ముగ్గురికి భయం లేదు’ అని ధైర్యపడే కుటుంబాలున్నాయి. ‘మొదటివాడు బాగానే ఉన్నాడు, మా రక్తంలో ఏమీ లేదు’ అనుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. వరసగా ఇద్దరు బిడ్డలు జబ్బుతో పుట్టిన ఇంట్లోనూ మూడో బిడ్డకు అవకాశం అదే, నాలుగింట ఒకటి. ఎవరైనా ఎదురుగా కూర్చుని, తొందరపడకుండా, రెండు మూడుసార్లు చెప్పాలి. విన్నవాళ్ల చేత తిరిగి చెప్పించుకోవాలి. షెల్డన్ రీడ్ 1947లో ‘జెనెటిక్ కౌన్సెలింగ్’ అని పేరు పెట్టిన పనికి ప్రాణం ఇక్కడే ఉంది. రక్తం తీయడానికి రెండు నిమిషాలు చాలు. దాని అర్థం చెప్పే అరగంటే మన ఆసుపత్రుల్లో దొరకడం లేదు.

ఇంతకీ పరీక్ష ఎవరికి చేస్తారు? ఆసుపత్రికి వచ్చేది కడుపుతో ఉన్న మనిషి కాబట్టి ఆమెకు. ఏఎస్ అని తేలితే ఆ రెండక్షరాలు ఆమె కార్డు మీదే పడతాయి. ఆ కార్డును ఇంట్లో అత్తగారు చూస్తారు, ఆడపడుచు చూస్తుంది. భర్త రక్తం ఇచ్చేదాకా ఆ అక్షరాలకు సగం అర్థమే ఉంటుంది. కానీ ఇంట్లో తీర్పు అప్పటికే వచ్చేసి ఉంటుంది: ‘పుట్టింటి నుంచి తెచ్చింది.’ ఈ జబ్బు బిడ్డకు రావాలంటే ఇద్దరూ చెరొకటి ఇవ్వాల్సిందే. ఒక్కరి వల్ల అది ఎన్నటికీ రాదు. జీవశాస్త్రంలో ఇంతకంటే సమానమైన పంపకం లేదు. ఆ పంపకాన్ని మన ఇళ్లు ఒక్క ఆడమనిషి నెత్తిన వేస్తాయి. అందుకే పరీక్ష గది తలుపు దగ్గరే ‘అమ్మా, మీ ఆయన్ని కూడా తీసుకురండి’ అనే మనిషి ఉండాలి. భర్త రాకపోతే ఇంటికి వెళ్లి పిలిచే మనిషి ఉండాలి. ఛత్తీస్‌గఢ్‌లో అలాంటి మనుషులు ఉన్నారు కూడా. దేశంలో ఆశా కార్యకర్తలు 2005లో వచ్చారు. ఇక్కడ 2002 నుంచే ఊరూరా ‘మితానిన్’ ఉంది. చెలిమిని దేవుడి సాక్షిగా కట్టుకునే ఇక్కడి ఆచారం నుంచి తీసుకున్న పేరు అది. కోడలి కన్నీళ్లూ అత్తగారి కోపమూ రెండూ తెలిసిన ఆ మనిషికి ఈ లెక్క నేర్పితే, పెద్ద ఆసుపత్రి చేయలేని పని చేస్తుంది.

భర్తకు ఏ పరీక్ష చేశారన్నది కూడా చూసుకోవాలి. తొలి వడపోతకు వాడే సొల్యుబిలిటీ పరీక్ష చౌక, త్వరగా అయిపోతుంది. కానీ సికిల్ హిమోగ్లోబిన్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది. ఒక జన్యువా రెండా అన్నది ఎలెక్ట్రోఫోరెసిస్‌లోనో హెచ్‌పీఎల్‌సీలోనో తేలాలి. భార్య ఏఎస్, భర్తకు సొల్యుబిలిటీలో ‘లేదు’ అని వచ్చిందనుకుందాం. అంతటితో ఊపిరి పీల్చుకోకూడదు. ఆయన బీటా తలసీమియా వాహకుడైతే ఆ పరీక్ష దాన్ని పట్టుకోలేదు. తల్లి నుంచి సికిల్, తండ్రి నుంచి తలసీమియా అందిన బిడ్డకూ జబ్బు వస్తుంది. రాయ్‌పూర్‌లో సింధీ కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. సింధీలలో తలసీమియా జన్యువు ఎక్కువ. పెళ్లిళ్లు కులం గీతలు దాటుతున్న నగరంలో ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం.

ఇదంతా క్యాలెండర్‌తో పరుగు పెడుతూ జరగాలి. కడుపులోని బిడ్డకు జబ్బు ఉందో లేదో తెలుసుకోవడానికి 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీస్తారు. అది దాటితే 16వ వారం ప్రాంతంలో ఉమ్మనీరు తీస్తారు. రెండింటిలోనూ గర్భం పోయే ప్రమాదం కొద్దిగా ఉంది. ఆ సంగతీ ముందే చెప్పాలి. సికిల్ జన్యువును పట్టుకునే పరీక్షలు ప్రతి ఊళ్లోనూ జరగవు. నమూనా ముంబయిలోని జాతీయ ఇమ్యునోహెమటాలజీ సంస్థ వంటి చోటికో, హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ వంటి చోటికో వెళ్లాలి. నెల తప్పిన సంగతి నిర్ధారించుకోవడానికి ఆరు వారాలు, ఇంట్లో చెప్పడానికి ఇంకో రెండు, తొలి చెకప్ పదో వారంలో, రిపోర్టు పదకొండులో, భర్త సెలవు పెట్టి వచ్చేసరికి పద్నాలుగు. అప్పటికే మొదటి తలుపు మూసుకుపోయింది. ఎవరి నిర్లక్ష్యమూ లేకపోయినా ఇలా జరుగుతుంది. పెళ్లికి ముందో, కనీసం పెళ్లయిన కొత్తలోనో ఇద్దరి రక్తం చూసి ఉంటే ఈ పరుగు ఉండదు.

కడుపులోని బిడ్డ జన్యువును ప్రయోగశాలలో తొలినాళ్లలోనే చదివిన జబ్బుల్లో ఇదొకటి. కాలిఫోర్నియాలో వై.డబ్ల్యు. కాన్, ఆండ్రే డోజీ 1978లో ఉమ్మనీటిలోని కణాల డీఎన్ఏ చూసి సికిల్ సెల్‌ను గుర్తించే దారి కనిపెట్టారు. మన దేశంలో ఆ జన్యువు నీలగిరి ఆదివాసీల్లో ఉందని లేమన్, కట్‌బుష్ 1952లోనే చెప్పారు. దారి దొరికి ఐదు దశాబ్దాలు కావస్తోంది, జన్యువు జాడ తెలిసి ఏడు దశాబ్దాలు దాటింది. ఇంకా ఒక మహిళ పద్నాలుగో వారంలో పరుగెత్తాల్సి రావడం బాధాకరం.

కౌన్సెలర్ మొదట చేసే పని కాగితం మీద వంశవృక్షం గీయడం. మగవాళ్లకు చతురస్రాలు, ఆడవాళ్లకు వృత్తాలు, పెళ్లికి ఒక గీత. రక్తసంబంధంలో పెళ్లయితే జంట గీత. తెలుగు ఇంటి చిత్రం గీస్తే ఆ జంట గీతలు ఎన్నో కనిపిస్తాయి. మేనత్త కొడుకు, మేనమామ కూతురు, కొన్ని ఇళ్లలో స్వయానా మేనమామే వరుడు. మేనత్త, మేనమామల పిల్లల మధ్య ఎనిమిదింట ఒక వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి, మేనమామకూ మేనకోడలికీ మధ్య నాలుగింట ఒక వంతు. ఏ జంటకైనా పుట్టుకతో వచ్చే లోపాల ముప్పు నూటికి రెండు మూడు ఉంటుంది. మేనరికంలో అది ఇంచుమించు రెట్టింపు అవుతుంది. అంటే అలాంటి జంటల్లోనూ నూటికి తొంభై మందికి పైగా పిల్లలు బాగానే పుడతారు. రెండు మాటలూ ఒకే గొంతుతో చెప్పాలి. మొదటిదే చెబితే కుటుంబం దోషిలా కూర్చుంటుంది. రెండోదే చెబితే పరీక్ష మానేస్తుంది.

రాయ్‌పూర్‌లోని ఉత్తరాది కుటుంబాలకు మేనరికం మాట వింటేనే విడ్డూరం. దాంతో మనవాళ్లు డాక్టరు ముందు ఆ సంగతి దాచేస్తారు. ‘మీ ఆయన మీకు ముందే బంధువా?’ అని అడిగితే ‘దూరపు చుట్టం’ అంటారు. నిజానికి ఇదే రాష్ట్రంలో గోండులకు ‘దూధ్ లౌటావా’ అనే ఆచారం ఉంది. ఒక ఇంటికి ఇచ్చిన పాలను తిరిగి తెచ్చుకున్నట్టు, మేనత్త ఇంటికీ మేనమామ ఇంటికీ మధ్య పెళ్లి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దాచితే మాత్రం చిత్రంలో ఒక గీత తగ్గి, లెక్క తప్పుతుంది.

భాష సంగతి కూడా చెప్పుకోవాలి. లింగనిర్ధారణను అడ్డుకోవడానికి 1994లో వచ్చిన చట్టాన్ని అందరూ ‘ఆడో మగో చెప్పకూడదు’ అన్న ఒక్క వాక్యంగా గుర్తుపెట్టుకున్నారు. ఆ చట్టంలోనే ఏ కారణాలకు గర్భస్థ పరీక్ష చేయవచ్చో రాసి ఉంది. హిమోగ్లోబిన్ జబ్బులు వాటిలో ఉన్నాయి. పరీక్షకు ముందు దానివల్ల కలిగే ఇబ్బందులన్నీ గర్భిణికి వివరించాలనీ, ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలనీ, ఒక కాపీ ఆమె చేతికే ఇవ్వాలనీ కూడా ఉంది. ‘ఫారం జి’ అంటే అదే. పార్వతీపురం దగ్గరి పల్లె నుంచి నిరుడే రాయ్‌పూర్‌కు కోడలిగా వచ్చిన అమ్మాయికి హిందీ కూరగాయల బేరానికి సరిపోతుంది, జన్యువుల గురించి మాట్లాడటానికి సరిపోదు. పక్కనున్న మరిది అనువాదం చేస్తే, ఆమె అడగాలనుకున్న ప్రశ్నలు సగం లోపలే ఉండిపోతాయి. తెలుగులో చెప్పమని అడగడం ఆమె హక్కు. ఇన్ని తెలుగు కుటుంబాలున్న ఊళ్లో ఇక్కడి తెలుగు సంఘాలు ఉగాది సభలతో పాటు ఈ పనినీ తలకెత్తుకోవాలి. రెండు భాషలూ వచ్చిన రిటైర్డ్ నర్సులు, టీచర్లు ఈ ఊళ్లో తక్కువేం కాదు.

డౌన్ సిండ్రోమ్ పరీక్షల్లో బెంగ ఇంకో రకం. పదకొండు, పన్నెండు వారాల్లో మెడ వెనక ద్రవం మందం చూసే స్కానింగ్, దానితో రెండు ప్రోటీన్ల రక్తపరీక్ష. ఫలితం ‘150లో 1, హై రిస్క్’ అని ఎర్ర అక్షరాల్లో వస్తుంది. చూసిన తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టదు. అలాంటి రిపోర్టు వచ్చిన 150 మందిలో 149 మంది బిడ్డలకు ఆ లోపం ఉండదన్నది ఆ ఎర్ర అక్షరాల్లో కనిపించదు. తల్లి రక్తంలో తేలే బిడ్డ డీఎన్ఏను డెన్నిస్ లో 1997లో గుర్తించాక వచ్చిన ఎన్ఐపీటీ పరీక్ష చాలా మెరుగు. అయినా అదీ వడపోతే. వెయ్యి మందిలో ఒకరి బిడ్డకే ఆ లోపం ఉందనీ, పరీక్ష వెయ్యికి ఒకసారి మాత్రమే లేనిది ఉందని చెబుతుందనీ అనుకుందాం. అంత మంచి పరీక్షలోనూ ‘ఉంది’ అని వచ్చిన ఇద్దరిలో ఒకరికి అది ఉండదు. ఉమ్మనీటి పరీక్షతో రూఢి చేసుకోకుండా ఏ నిర్ణయానికీ రాకూడదన్న మాట, నమూనా తీసుకునే ముందే చెప్పాలి. ఫలితం వచ్చాక చెబితే, అప్పటికే పిడుగు పడ్డ ఇంట్లో ఆ మాట ఎవరి చెవికీ ఎక్కదు.

గర్భస్థ పరీక్ష అంటే గర్భం తీయించుకోవడానికే అన్న అపోహ కూడా బలంగా ఉంది. నవా రాయ్‌పూర్‌లో 2012 నుంచి శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రి పిల్లలకు గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తోంది. ఐదో నెల స్కానింగ్‌లో బిడ్డ గుండెలో లోపం కనిపిస్తే, కాన్పు ఎక్కడ జరగాలో, పుట్టిన వెంటనే బిడ్డను ఎక్కడికి తీసుకెళ్లాలో ముందే తేల్చుకోవచ్చు. సిక్లింగ్‌కూ అంతే. ఎస్ఎస్ అని ముందే తెలిసిన బిడ్డకు మొదటి నెలల నుంచే పెన్సిలిన్, న్యుమోకాకల్ టీకా, ఫోలిక్ ఆమ్లం, తరవాత అవసరాన్ని బట్టి హైడ్రాక్సీయూరియా అందుతాయి. తెలియకపోతే తొలి జ్వరమే ఆ బిడ్డకు ప్రాణగండం కావచ్చు.

అసలు కష్టమైన ప్రశ్న ఇక్కడ వస్తుంది. బిడ్డ ఎస్ఎస్ అని తేలితే ఏం చేయాలి? ఆఫ్రికా రకాలతో పోలిస్తే మన దేశంలో ఎక్కువగా కనిపించే సికిల్ రకంలో బిడ్డ దశ నాటి హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా ఎక్కువగా మిగులుతుంది. దాంతో కొందరిలో జబ్బు మెత్తబడుతుంది. అలాగని అందరిలోనూ కాదు. ఒకే ఇంట్లో ఇద్దరు ఎస్ఎస్ పిల్లల్లో ఒకరు కాలేజీకి వెళుతుంటే, మరొకరు ఏటా నాలుగైదుసార్లు ఎముకల నొప్పితో ఆసుపత్రిలో పడి ఉండవచ్చు. ఏ బిడ్డ ఎలా ఉంటుందో కడుపులో ఉండగా ఎవరూ చెప్పలేరు. డాక్టరు కూడా చెప్పలేరు. ఆ మాట ఒప్పుకునే ధైర్యం ఉన్న డాక్టరే మంచి కౌన్సెలర్. 2021 సవరణ తరవాత చట్టం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయంతో, నిర్దేశించిన కారణాలకు 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భస్రావానికి వీలిస్తుంది. మేజరైన మహిళకు ఆమె ఒక్కరి సమ్మతి చాలు. భర్త సంతకం అవసరం లేదు. జన్యువులు ఇద్దరివి, శరీరం ఆమెది. చట్టం ఆ తేడాను స్పష్టంగా గుర్తించింది. ఆమె గర్భం ఉంచుకుంటానంటే ‘ఇంత చెప్పినా వినలేదు’ అని మొహం తిప్పుకునే హక్కు కూడా ఎవరికీ లేదు. సికిల్ సెల్ జబ్బు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాలో ఉంది. ఆ బిడ్డకు సమాజం బాకీ ఉంది.

దేశవ్యాప్త సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులై 1న పక్క రాష్ట్రంలోని శహడోల్‌లో మొదలైంది. నలభై ఏళ్ల లోపు వాళ్లు 7 కోట్ల మందిని పరీక్షించడం, 2047 నాటికి జబ్బును లేకుండా చేయడం దాని లక్ష్యాలు. స్త్రీలకూ పురుషులకూ వేరువేరు కార్డులు ఇస్తున్నారు. రెండిటినీ ఒకదానిపై ఒకటి పెడితే పుట్టబోయే బిడ్డకు ఎంత అవకాశమో కనిపిస్తుంది. ఇద్దరి లెక్కను ఇద్దరి చేతా వేయించే ఆలోచన ఇది, మెచ్చుకోదగ్గది. కానీ కార్డు మాత్రమే ఇచ్చి మాట ఇవ్వకపోతే ఏమవుతుందో చరిత్రలో ఉంది. గ్రీసులోని ఓర్ఖోమెనోస్‌లో 1970ల నాటి పరీక్షల తరవాత వాహకులకు పెళ్లి సంబంధాలు తప్పిపోయాయి, జనం ఫలితాలు దాచుకున్నారు. అమెరికా వైమానిక దళ అకాడమీ ఏ జబ్బూ లేని వాహకులను 1981 దాకా చేర్చుకోలేదు. సైప్రస్‌లో మరోలా జరిగింది. అక్కడ 1980ల తొలినాళ్ల నుంచి తలసీమియా పరీక్ష చేయించుకున్నట్టు కాగితం లేనిదే చర్చి పెళ్లి చేయలేదు. ఇద్దరూ వాహకులని తెలిసిన జంటలు కూడా చాలావరకు పెళ్లి మానుకోలేదు. గర్భస్థ పరీక్షలను నమ్ముకున్నాయి. జబ్బుతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. ఆ పెళ్లిళ్లు నిలబడ్డది కాగితం వెనక మాట్లాడే మనుషులు ఉండబట్టే.

ఎస్ఎస్‌తో పుట్టి, పెరిగి, పెళ్లి చేసుకుని, ఇప్పుడు తల్లి కాబోతున్న ఆడవాళ్లు కూడా రాయ్‌పూర్‌లో ఉన్నారు. భర్తకు ఏ హిమోగ్లోబిన్ లోపమూ లేకపోతే వాళ్ల పిల్లలందరూ ఏఎస్ అవుతారు, ఎవరికీ జబ్బు రాదు. భర్త ఏఎస్ అయితే అవకాశం సగం. బిడ్డ గురించి ఎంత మాట్లాడతారో తల్లి గురించి కూడా అంత మాట్లాడాలి. ఆమెకు గర్భం ప్రమాదకరం. రక్తం తగ్గుతుంది, నొప్పులు తిరగబెడతాయి, హైడ్రాక్సీయూరియా కొనసాగించాలా వద్దా అన్నది ముందే తేల్చాలి. ‘నిర్మూలన’ అన్న మాట పోస్టర్ మీద చదివినప్పుడు ఆమెకు ఎలా ఉంటుందో, ఆ పోస్టర్ రాసేవాళ్లు ఒకసారి ఆలోచించాలి.

ఇక దూరాన ఉన్న భర్తల సంగతి. బస్తర్ వైపు నుంచి, మైదానం నుంచి ఎందరో మగవాళ్లు తెలంగాణకు పనికి వెళ్తారు. ఇటుక బట్టీలకు కొందరు, ఖమ్మం, భద్రాద్రి జిల్లాల్లో మిర్చి కోతలకు కొందరు. ఇంటి దగ్గర భార్య ఏఎస్ అని ఎనిమిదో వారంలో తేలినా, ఆయన తిరిగొచ్చేది కోతలు అయ్యాకే. ఆయన రక్తం రాయ్‌పూర్‌లోనే తీయాలని ఎక్కడా లేదు. మిషన్‌లో ఉన్న 17 రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నాయి. మిర్చి చేను దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆయన నమూనా తీసి, రిపోర్టు ఫోటోను మితానిన్ ఫోనుకు పంపితే పదో వారానికల్లా ఇద్దరి ఫలితాలూ ఒకచోట ఉంటాయి. మాయ పరీక్షకు ఇంకా వ్యవధి ఉంటుంది. ఇందుకు కొత్త యంత్రాలు అక్కర్లేదు, కొత్త చట్టాలూ అక్కర్లేదు. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఒకరి రిపోర్టును మరొకరు ఒప్పుకుంటామని ఒక ఉత్తర్వు ఇవ్వాలి, చేను యజమాని ఒక పూట సెలవు ఇవ్వాలి.